35 వేలకు రెండు గుర్రాలు

కారు కొన్న కొత్తలో ఎవరి ఫోన్‌లోనైనా ఆ రీల్ ఒకసారి వచ్చి తీరుతుంది. బానెట్ తెరిచి ఉంటుంది. ఇంజిన్ పక్కన అరచేతిలో పట్టేంత నల్లడబ్బా, దాన్నుంచి నాలుగైదు వైర్లు, లాప్‌టాప్ తెరమీద పైకి ఎగబాకే గ్రాఫు. కింద రాసి ఉంటుంది: పవర్ పెరుగుతుంది, మైలేజీ కూడా పెరుగుతుంది. ఈ రెండూ ఒకే డబ్బాలో ఇస్తానన్నాడంటే నేను ముందు జేబు తడుముకుంటాను.

మా బాబాయి కొడుక్కి ఆ రీల్ వచ్చింది. వాడు చూసి ఊరుకోకుండా షాపుకి కూడా వెళ్లొచ్చాడు. ఫ్యూయల్ కంట్రోలర్, బిగింపుతో కలిపి 35 వేలు చెప్పారట. వాడిది 2016 మోడల్ పెట్రోల్ స్విఫ్ట్, సెకండ్ హ్యాండ్. కారు ఖర్చులకని విడిగా దాచుకుంది మొత్తం 40 వేలు. "అన్నా, నువ్వు మెకానికల్ చదివావుగా, పెట్టించమంటావా?" అని అడిగాడు. అవును, చదివింది మెకానికల్, చేసేది సాఫ్ట్‌వేర్. మన దగ్గర ఇదేం వింత కాదు లెండి. కానీ ఈ ప్రశ్నకి రెండూ పనికొచ్చాయి.

వాడికి షోకు కోసం కాదు. రెండు వారాలకోసారి అమ్మానాన్నల్ని తీసుకుని హైదరాబాద్ నుంచి సూర్యాపేట వైపు మా ఊరెళ్తాడు. హైవే ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. హైవే దిగాక ఊరికి పోయే సింగిల్ రోడ్డు మీద ఉంటుంది అసలు కథ. ముందు వడ్ల లోడు ట్రాక్టరు, ఎదురుగా బస్సు, లోపల నలుగురు మనుషులు, ఏసీ ఆన్. కాలు నొక్కితే కారు కదలదు. "ఓవర్‌టేక్ చేసినప్పుడల్లా నాన్న పైన హ్యాండిల్ పట్టుకుంటున్నాడన్నా" అన్నాడు. అందుకే నవ్వి వదిలేయలేకపోయాను.

ముందు ఆ డబ్బా ఏం చేస్తుందో చూద్దాం. కారులో ఈసీయూ అని ఒక చిన్న కంప్యూటర్ ఉంటుంది. ఇంజిన్‌లోకి ఎంత గాలి వెళ్తోందో సెన్సర్లు దానికి చెప్తాయి, దాన్ని బట్టి అది ఎంత పెట్రోల్ చల్లాలో లెక్కేస్తుంది. ఫ్యూయల్ కంట్రోలర్ ఈ ఇద్దరి మధ్యలో కూర్చుంటుంది. సెన్సర్ "గాలి ఇంత" అంటే, ఇది "కాదు, ఇంకొంచెం ఎక్కువ" అనో "తక్కువ" అనో మార్చి చెప్తుంది. ఈసీయూ దాన్ని నమ్మి పెట్రోల్ పెంచుతుంది లేదా తగ్గిస్తుంది. చాడీలు చెప్పే మధ్యవర్తి అన్నమాట.

దీంతో పెట్రోల్ మారుతుంది, నిజమే. గాలి మారదు. చిక్కంతా అక్కడే ఉంది.

కట్టెల పొయ్యి చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. పొయ్యిలో ఎన్ని కట్టెలు కుక్కినా గాలి అందకపోతే వచ్చేది పొగే. మంట పెరగాలంటే ఊదుగొట్టం కావాలి. టర్బో అంటే ఆ ఊదుగొట్టమే. టర్బో లేని ఇంజిన్, షాపు భాషలో ఎన్‌ఏ ఇంజిన్, తనంతట తానే ఊపిరి పీల్చుకోవాలి. 1197 సీసీ ఇంజిన్ 6000 ఆర్‌పీఎంలో, రెండు చుట్లకోసారి సిలిండర్ పూర్తిగా నిండుతుందనుకుంటే, నిమిషానికి పీల్చగలిగేది సుమారు 3600 లీటర్ల గాలి. తూకం వేస్తే నాలుగు కిలోల పైచిలుకు. ఆ గాలికి సరిపడా పెట్రోల్ నిమిషానికి అర లీటరు కూడా ఉండదు. దాన్ని చల్లడం కంపెనీ ఇచ్చిన ఇంజెక్టర్లకి కష్టమేమీ కాదు. కొరత పెట్రోల్‌కి కాదు, గాలికి.

ఇంకో సరదా లెక్క. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. విశాఖ బీచ్‌తో పోలిస్తే ఇక్కడ గాలి ఒత్తిడి 5-6 శాతం తక్కువ. అంటే ఆర్కే బీచ్ రోడ్డులో 83 గుర్రాలిచ్చే ఇంజిన్ మన మాదాపూర్ వచ్చేసరికే నాలుగైదు గుర్రాలు పోగొట్టుకుంటుంది. మే నెల మధ్యాహ్నం ఎండకి గాలి పలచబడి ఇంకొన్ని పోతాయి. డిసెంబరు తెల్లవారుజామున కారు కొంచెం హుషారుగా ఉన్నట్టనిపిస్తుందే, అది మీ భ్రమ కాదు. చల్లగాలి చిక్కగా ఉంటుంది.

సరే, గాలి అంతే ఉంది. ఉన్న గాలికి పెట్రోల్ సరిగ్గా కలవడం లేదేమో, డబ్బా పెడితే అదైనా సరవుతుందేమో? ఇదీ మంచి ప్రశ్నే. దీనికి జవాబు సైలెన్సర్ గొట్టంలో ఉంటుంది. అక్కడ ఆక్సిజన్ సెన్సర్ ఒకటి కూర్చుని, కాలిన తర్వాత ఎంత ఆక్సిజన్ మిగిలిందో చూస్తూ ఉంటుంది. స్వచ్ఛమైన పెట్రోల్ అయితే ఒక గ్రాముకి 14.7 గ్రాముల గాలి సరైన పాళ్లు. కొంచెం అటూఇటూ అయితే ఆ సెన్సర్ ఈసీయూకి చెప్తుంది, ఈసీయూ వెంటనే సరిచేస్తుంది. ఈ సవరణని ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. అప్పటికప్పుడు చేసేది షార్ట్ టర్మ్ ట్రిమ్, అలవాటుగా గుర్తుపెట్టుకునేది లాంగ్ టర్మ్ ట్రిమ్.

ఇప్పుడు మన మధ్యవర్తి వచ్చి చాడీ చెప్పాడనుకోండి. మైలేజీ కోసం "గాలి తక్కువే వస్తోంది" అన్నాడు. ఈసీయూ పెట్రోల్ తగ్గించింది. ఆక్సిజన్ సెన్సర్ "ఇక్కడ ఆక్సిజన్ మిగిలిపోతోంది" అని అరిచింది. ఈసీయూ మళ్లీ పెంచింది. కొంతసేపటికి ఆ పెంపుని గుర్తు కూడా పెట్టుకుంది. మీరు ఎక్కడ మొదలయ్యారో అక్కడికే వచ్చారు. మా ఆఫీసులో ఇది రోజూ చూస్తాం. సర్వర్‌లో ఎవడో చేత్తో ఒక సెట్టింగ్ మారుస్తాడు, ఐదు నిమిషాల్లో ఆటోమేషన్ వచ్చి పాతదే పెట్టేస్తుంది. వాడు మళ్లీ మారుస్తాడు, అది మళ్లీ పెడుతుంది. మామూలు డ్రైవింగ్‌లో ఎక్కువ భాగం నడిచేది ఈ పద్ధతిలోనే.

నా మాట నమ్మక్కర్లేదు, కొలిచి చూడొచ్చు. స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్ ఉంటుంది. వెయ్యి రూపాయల లోపు బ్లూటూత్ డాంగిల్ దానికి గుచ్చి, ఫోన్‌లో ఓ యాప్ వేసుకుంటే ఈ ట్రిమ్ అంకెలన్నీ కనిపిస్తాయి. ఓ శనివారం నేను వాడి పక్క సీట్లో కూర్చుని ఇల్లు చేరేదాకా మొత్తం రికార్డు చేశాను. లాంగ్ టర్మ్ ట్రిమ్ ప్లస్ 4 దగ్గర కదలకుండా ఉంది. మామూలుగా ప్లస్ మైనస్ 5 లోపు ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టే. 10 దాటితే ఎక్కడో గాలి లీకవుతోందనో, ఇంజెక్టర్లో మురికి ఉందనో, సెన్సర్ ముసలిదైందనో అనుమానించాలి. అలాంటప్పుడు డబ్బా బిగించడమంటే జ్వరం తగ్గలేదని థర్మామీటర్‌ని మార్చడమే.

ఆ ప్లస్ 4 గురించి ఒక మాట. షాపాయన మా వాడికి ఇంకో సంగతి కూడా చెప్పాడట: "ఇప్పుడు బంకుల్లో ఈ20 పోస్తున్నారు, మీ పాత కారు దానికి సెట్ కాలేదు, మేం సెట్ చేస్తాం" అని. వినడానికి సబబుగానే ఉంటుంది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి దానికి బయటి గాలి తక్కువ చాలు. ఈ20కి సరైన పాళ్లు 14.7 కాదు, దాదాపు 13.5. ఈ10తో పోలిస్తే అదే గాలికి నాలుగు శాతం దాకా ఎక్కువ ఇంధనం చల్లాలి. మరి ఆ నాలుగు శాతం ఎవరు సరిచేశారు? ఏ డబ్బా లేకుండానే ఈసీయూ సరిచేసుకుంది. ఆ ప్లస్‌లో ఎక్కువ భాగం అదే అయ్యుంటుంది. మైలేజీ కొంత తగ్గడం మాత్రం నిజం. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్‌లో కంటే మూడోవంతు తక్కువ. లేని శక్తిని ఏ డబ్బా తెచ్చి పొయ్యదు. పాత కార్ల రబ్బరు గొట్టాల సంగతి వేరే చర్చ, దానికీ ఈ డబ్బాకీ సంబంధం లేదు.

ఆక్సిజన్ సెన్సర్ మాట ఈసీయూ పక్కనపెట్టే సందర్భం ఒకటుంది. కాలు నేలకి ఆనేదాకా నొక్కినప్పుడు. అప్పుడు చాలా కార్లలో ఈసీయూ కంపెనీ రాసిపెట్టిన పట్టిక చూసి పెట్రోల్ చల్లుతుంది, అది కూడా కావాలనే కొంచెం ఎక్కువ. ఎక్కువ పెట్రోల్ లోపలి వేడిని తగ్గిస్తుంది, కేటలిటిక్ కన్వర్టర్ కాలిపోకుండా కాపాడుతుంది. ఈ ఒక్కచోట డబ్బాకి నిజంగా పని ఉంటుంది. 12 పాళ్ల దగ్గర ఉన్నదాన్ని 13 దగ్గరకు తెస్తే రెండు మూడు శాతం పవర్ వస్తుంది. 83లో రెండు శాతం ఎంత? దాదాపు రెండు గుర్రాలు. ఒకే కారుని ఒకే డైనో మీద పొద్దునొకసారి, ఇంజిన్ వేడెక్కాక ఇంకోసారి నడిపితే వచ్చే తేడానే ఒకటి రెండు శాతం ఉంటుంది. రీల్‌లో గ్రాఫు పైకి ఎగబాకినప్పుడు కింద అంకెలు ఎక్కణ్నుంచి మొదలయ్యాయో చూడండి. సున్నా నుంచి గీసిన గ్రాఫు నాకింతవరకు కనిపించలేదు.

నా రికార్డులో మా వాడు కాలు పూర్తిగా నొక్కిన సమయమంతా కూడాను. రెండున్నర గంటల ప్రయాణంలో మొత్తం మూడు నిమిషాలు లేదు.

నష్టం లేదుగా, పెట్టి చూద్దాం అనేవాళ్లుంటారు. నష్టం ఉంది. ఈసీయూ గాలి లెక్కని ఒక్క పెట్రోల్‌కే వాడదు, స్పార్క్ ఎప్పుడు కొట్టాలో కూడా దాన్నుంచే తేలుస్తుంది. గాలి తక్కువని అబద్ధం చెప్తే ఇంజిన్ మీద భారం తక్కువనుకుని స్పార్క్‌ని ముందుకు జరుపుతుంది. అసలే పెట్రోల్ తగ్గింది, పైన ఎండ, లోపల నలుగురు, స్పార్క్ ముందుగా. ఇంజిన్‌లో గోళీలు గలగలలాడినట్టు చప్పుడొస్తే అదే నాకింగ్. నాక్ సెన్సర్ ఉంటే అది పట్టుకుని స్పార్క్‌ని వెనక్కి లాగుతుంది, మీకొచ్చిన రెండు గుర్రాలూ పోతాయి. అది ఆలస్యమైతే పిస్టన్ మీద పడుతుంది. వారంటీ ఉన్న కారైతే ఇంతదూరం చర్చే అక్కర్లేదు, వైరింగ్ కోసిన గుర్తు కనిపిస్తే క్లెయిమ్ దగ్గర మాట పడిపోతుంది.

మరి యూట్యూబ్‌లో 30 గుర్రాలు పెరిగాయని చూపించేవాళ్లంతా అబద్ధాలకోరులా అంటే, కాదు. ఆ కార్లకి టర్బో ఉంటుంది. అక్కడ సాఫ్ట్‌వేర్ మార్చి టర్బోని ఇంకాస్త ఊదమంటే గాలే ఎక్కువ వస్తుంది, పెట్రోల్ దాని వెంట వస్తుంది. 20 శాతం పెరగడం ఆశ్చర్యం కాదు. ఫ్యూయల్ కంట్రోలర్లకి ఆ పేరు కూడా అలాంటి కార్ల మీదే వచ్చింది. 1990ల్లో జపాన్‌లో అపెక్సీ కంపెనీ చేసిన ఎస్-ఏఎఫ్‌సీ ఆ రోజుల్లో కుర్రాళ్ల కల. అప్పట్లో చాలా ఈసీయూల్లోకి వెళ్లి రాతలు మార్చడం కుదిరేది కాదు. పెద్ద ఇంజెక్టర్లు వేసి, టర్బో ఒత్తిడి పెంచి, లెక్క తప్పకుండా ఈ డబ్బాతో సర్దుకునేవాళ్లు. మందు మంచిదే, రోగం వేరు. ఇప్పుడు ఈసీయూలోనే నేరుగా మార్చే వీలున్న కార్లు చాలా ఉన్నాయి కాబట్టి ఆ మందు అవసరం కూడా తగ్గింది.

మధ్యలో ఒక పిట్టకథ. ఓబీడీ సాకెట్‌కి గుచ్చితే చాలు, మైలేజీ పెరుగుతుందని ఏడెనిమిది వందలకి అమ్మే ప్లగ్గులు ఉంటాయి కదా, మా వాడు షాపు డబ్బాకి ముందు ఒకటి కొని చూశాడు. ఆఫీసులో హార్డ్‌వేర్ టీమ్ మిత్రుడితో విప్పించాం. లోపల ఒక బుల్లి చిప్పు, దానికి తగిలించిన లైట్లు. కారు కంప్యూటర్‌తో మాట్లాడాలంటే కావాల్సిన భాగమే ఆ బోర్డు మీద లేదు. "ఇది మీ కారుకి నమస్కారం కూడా పెట్టలేదు" అన్నాడు మావాడు. లైట్లు మాత్రం చక్కగా మెరిశాయి. షాపు డబ్బా ఇలాంటిది కాదు. అది నిజంగానే పనిచేస్తుంది, కాకపోతే ఈ కారులో దానికి పని లేదు.

ఇక ట్రాక్టరు సంగతి. ఊరి దగ్గర ఖాళీగా ఉన్న తిన్నని రోడ్డు మీద ఫోన్ రికార్డింగ్ ఆన్ చేసి వాణ్ని 60 నుంచి 100కి తొక్కమన్నాను. వాడు ఎప్పుడూ తొక్కినట్టే, ఐదో గేర్‌లో. 22 సెకన్లు పట్టింది. మళ్లీ అక్కడే, అదే కారు, మూడో గేర్‌లో. 10 సెకన్లు.

ఎందుకో లెక్క చూడండి. 80 స్పీడులో ఐదో గేర్‌లో ఇంజిన్ రెండువేల చిల్లర తిరుగుతూ ఉంటుంది. ఆ తిరుగుడులో అది ఇవ్వగలిగేది 30 గుర్రాల లోపే. మూడోకి దింపితే అది మూడున్నర వేలు తిరుగుతుంది, అప్పుడు 55 దాకా ఇవ్వగలదు. రెండు గుర్రాలకి 35 వేలు అడుగుతున్నారు. ఇక్కడ పాతికకి పైగా గుర్రాలు గేర్ రాడ్ కింద కట్టేసి ఉన్నాయి. మైలేజీ కోసం ఎప్పుడూ పై గేర్‌లోనే ఉండాలని డ్రైవింగ్ స్కూల్లో నేర్పించారని వాడి వాదన. ఊరికే పోతున్నప్పుడు అది సరైనదే. ఎదురుగా బస్సున్నప్పుడు కాదు. ఏసీ ఓ పావు నిమిషం ఆపినా కొంచెం కలిసొస్తుంది. చాలా కార్లు కాలు పూర్తిగా నొక్కితే ఆ పని అవే చేసుకుంటాయి.

టైర్లు కూడా చూశాను. టైరు పక్కన నాలుగంకెలు అచ్చేసి ఉంటాయి, తయారైన వారం, సంవత్సరం. వాడి ముందు టైర్ల మీద 2217 అని ఉంది. 2017లో 22వ వారం. గాడి ఇంకా ఉంది కానీ రబ్బరు గోరుతో నొక్కితే చెక్కలా ఉంది. వానలో ఆ టైర్ల మీద ఓవర్‌టేక్ చేస్తూ ఇంజిన్ చాలడం లేదంటున్నాడు! నాకు ఆ సాయంత్రం కోపం వచ్చింది వాడి మీద కాదు, ఆ కారుని బానెట్ ఎత్తి చూసి కూడా టైర్ల గురించి ఒక్క ముక్క చెప్పని షాపు మీద.

చివరికి డబ్బు ఇలా వెళ్లింది. నాలుగు టైర్లు, అలైన్‌మెంట్‌తో 18 వేల చిల్లర. స్పార్క్ ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, థ్రాటిల్ బాడీ శుభ్రం, ముందు బ్రేక్ ప్యాడ్లు కలిపి ఏడు వేలలోపు. ఎయిర్ ఫిల్టర్ తీస్తే అందులోంచి ఎండుటాకులు రాలాయి, అదీ గాలి పద్దులోదే కదా. మిగిలింది వాడి దగ్గరే ఉంది. మూడో గేర్ అలవాటయ్యింది కానీ బాబాయికి నచ్చలేదు. "ఇంజిన్ అలా అరుస్తోందేంట్రా, గేరు మార్చు" అంటాడట. 6000 దాకా తిరగడానికే ఆ ఇంజిన్‌ని చేశారని ఆయనకి నచ్చజెప్పడం నా వల్ల కాలేదు. మా వాడు కూడా పూర్తిగా ఒప్పుకోలేదు. "కానీ అన్నా, ఆ గ్రాఫు..." అంటూనే ఉంటాడు.

టర్బో లేని కారుకి ఫ్యూయల్ కంట్రోలర్ ఎప్పుడూ దండగేనా అంటే, నేనలా అనను. క్యామ్ షాఫ్ట్ మార్చారు, హెడ్ పని చేయించారు, కంప్రెషన్ పెంచారు, అంటే ఇంజిన్ పీల్చే గాలే మారిపోయింది. అప్పుడు కంపెనీ పట్టిక పనికిరాదు, ఏదో ఒక రకంగా పెట్రోల్ లెక్క మార్చి తీరాలి. మన దేశంలో రేసుల్లో, ర్యాలీల్లో పాత హోండా సిటీ వీటెక్ అంత పేరు తెచ్చుకుంది కదా, అదీ టర్బో లేని ఇంజినే. అలాంటి ఇంజిన్‌లో గుర్రాలు హెడ్‌లో, క్యామ్‌లో దొరుకుతాయి. కంట్రోలర్ చివర్లో వచ్చే పని. దానికి కూడా వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెట్టి, డైనో మీద గంటలకొద్దీ కూర్చునేవాడు కావాలి. "అన్ని స్విఫ్ట్‌లకీ ఇదే మ్యాప్ సార్" అనేవాడు కాదు.

మామూలు కారులో రోజూ పనికొచ్చే ఫ్యూయల్ కంట్రోలర్ కూడా ఒకటుంది, మీరు చాలాసార్లు దాంతో ప్రయాణం చేసే ఉంటారు. బయట బిగించిన సీఎన్‌జీ కిట్‌లో ఉండే ఈసీయూ. సీక్వెన్షియల్ కిట్ అయితే అది కారు ఈసీయూ పెట్రోల్ ఇంజెక్టర్లకి పంపే సంకేతాన్ని మధ్యలో పట్టుకుని, అంత పెట్రోల్‌కి ఎంత గ్యాస్ సమానమో లెక్కేసి గ్యాస్ ఇంజెక్టర్లని తెరుస్తుంది. అసలు ఈసీయూ తాను పెట్రోలే చల్లుతున్నాననుకుంటుంది. ఇదీ మధ్యలో కూర్చునే డబ్బానే, ఇదీ చాడీలే చెప్తుంది. మొన్న ఉప్పల్ నుంచి ఆఫీసుకి వెళ్తుంటే క్యాబ్ డ్యాష్‌బోర్డ్ మీద ఆ కిట్ స్విచ్ కనిపించి, పవర్ ఏమైనా పెరిగిందా అని డ్రైవర్‌ని అడిగాను.

"పవరా? తగ్గింది సార్. గ్యాస్ జాగా తినేస్తది కదా, గాలి తక్కువ పోతది. ఖర్చు కూడా తగ్గింది, అందుకే పెట్టించిన" అన్నాడు.